సాక్షిగా ఉంచిన రొట్టె

మూడో అంతస్తు మెట్లమీద ఉమ్‌సునాయ్ తడిగుడ్డ పిండుతున్నది. బకెట్టులోని వేడినీళ్ళు అప్పుడే చల్లారి బూడిదరంగుకు తిరిగాయి. బిష్కెక్ చలిలో మెట్లు కడిగేవారు తొందరపడాలి. తడి గడ్డకట్టి ఎవరి నడుమైనా విరిగితే తిట్లు కడిగినవారికే దక్కుతాయి. ఆమె వేళ్ళు ఎర్రగా, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. పగుళ్ళకు అడ్డంగా సన్నని తెల్లగీతలు. అవి పిల్లిగోళ్ళ గుర్తులు.

మెట్లకింద చీపుర్ల గదిలో ఒక ఎర్రపిల్లి ఆమె కోసం కాచుకొని ఉన్నది. ఇక పిల్లలు పుట్టకుండా దానికి ఆపరేషన్ చేయించింది. కుట్లు నాకకుండా పాత బనీనుతో తానే చొక్కా కుట్టి, వీపుమీద ముడులు వేసింది. ఈ రోజు కుట్లు విప్పించాలి. జనం ఇళ్ళు మారినప్పుడు, పిల్లలకు మోజు తీరినప్పుడు, పెంచిన పిల్లులను ఈ భవనపు నేలమాళిగలో వేడినీటి గొట్టాల పక్కన వదిలి వెళతారు. ఉమ్‌సునాయ్ వాటిని బోనుతో పట్టి, ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవికొన కత్తిరించాక గాయం మాన్పి, ఎవరో ఒకరి ఇంట చేరుస్తుంది. కుట్టు ఫ్యాక్టరీ మూతపడిన నాటినుండి మెట్లు కడగడం ఆమె జీవనాధారం. జీవితం మాత్రం ఇది.

ఆమెకు ఒక నియమం ఉన్నది. కొత్త ఇంట్లో చేరబోయేవారికి పిల్లిని ఇవ్వదు. గృహప్రవేశంనాడు మనుషులకంటే ముందు పిల్లి గడప దాటాలని అక్కడి ఆచారం. దాటేదాకా అది ఆ ఇంటి భాగ్యం. విందు ముగిసి ఎముకలు ఊడ్చేసరికి అది ఉత్త పిల్లి.

ఆ నియమాన్ని ఆమె ఒకే ఒక్కసారి, ఈ చలికాలం మొదట్లో, కనిషాయ్ కోసం సడలించింది. ఇప్పుడు వీధిమలుపులో రొట్టెలు అమ్మే కనిషాయ్ ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఆమె పక్క మిషనుమీద కుట్టేది. పెళ్ళినాడు కోడలి తలకు తెల్లరుమాలు చుట్టి గడప దాటించుకున్న అత్తవారే, బిడ్డ పుట్టలేదని మూడో ఏట పెట్టెతో సహా వీధిలో నిలబెట్టిననాడు ఉమ్‌సునాయ్‌కు తలుపు తీసింది కనిషాయ్ ఒక్కతే. అటువంటి మనిషి, అన్నకొడుకు కొత్త ఫ్లాటు కోసమని అప్పాక్‌ను అడిగింది. ఒక్క మచ్చయినా లేని తెల్లపిల్లి, పుట్టుచెవిటిది. చీపురుకర్రతో నేలమీద తట్టితే ఆ అదురు పాదాలకు తెలిసి పరుగున వచ్చేది.

"దీనికి కారొచ్చినా, కుక్కొచ్చినా తెలీదే. బయట బతకదు," అన్నది ఉమ్‌సునాయ్.

"బయటెందుకు పెడతారక్కా? ఖాన్ కూతురిలా చూసుకుంటారు. మాట తప్పితే ఈ రొట్టే నన్ను కొట్టనీ!" అంటూ కనిషాయ్ చేతిలోని రొట్టెను ఒక ముక్క కొరికి తిన్నది.

దానిని మించిన ఒట్టు లేదు. మిగిలిన రొట్టెను, దూరం వెళ్ళేవారు కొరికిచ్చిన రొట్టెను వారు తిరిగివచ్చేదాకా దాచినట్లే, ఉమ్‌సునాయ్ తన పెళ్ళినాటి తెల్లరుమాలులో మూటకట్టి చీపుర్ల గదిలో మేకుకు తగిలించింది.

మెట్లు కడగడం ముగించి, ఎర్రపిల్లిని సంచిలో పెట్టుకొని, ఆమె రొట్టెల దుకాణం ముందు ఆగింది.

"ఏమే, అప్పాక్ ఎలా ఉంది?"

"దానికేం తక్కువక్కా! సోఫా దిగట్లేదంట. మావాడి పెళ్ళాం కన్నా అదే లావెక్కింది," అని కనిషాయ్ నవ్వింది. "నీ గదిలో పిల్లులు నిలుస్తాయి గానీ ఒక్క మగాడూ నిలవడేంటో!"

"పిల్లులకు కృతజ్ఞతుంటుంది," అని ఉమ్‌సునాయ్ కూడా నవ్వి బస్సెక్కింది.

ఆసుపత్రిలో పశువైద్యుడు తొలోన్ బల్లమీద ఒక అట్టపెట్టె ఉన్నది. దానిని తెచ్చిన ముసలివాడు, ఒక ఫ్లాట్ల భవనపు కాపలాదారు, గొర్రెతోలు టోపీని చేతుల్లో నలుపుతున్నాడు. డాక్టరు ఆమెను చూసి కళ్ళద్దాలు తీశాడు.

"అక్కా, ఈ చెవి నేను కత్తిరించిందే."

పెట్టెలో ఉన్నది అప్పాక్, కానీ తెలుపు మిగలలేదు. పాదాల మెత్తలు మంచుకు చీలాయి. నడుము కింది భాగం నలిగిపోయింది, ఊపిరి మాత్రం ఆడుతున్నది.

"గృహప్రవేశం విందైన రాత్రే బయట పెట్టేశారమ్మా," అన్నాడు కాపలాదారు. "తలుపు తీసినప్పుడల్లా లోపలికి దూరేది, కాలితో నెట్టేసేవాళ్ళు. నేనే ఇంత తిండి పడేసేవాణ్ణి. పొద్దున కారు వెనక్కొస్తుంటే హారన్ కొట్టారు, కదల్లేదు. మొండిదనుకున్నాం."

"మొండిది కాదు." ఆమె అప్పాక్ చెవులమీది బురద తుడిచింది. "రొట్టెల కనిషాయ్‌కి తెలుసా?"

"తెలీకపోవడమేంటి! మర్నాడు మిగిలిన మాంసం మూటకట్టుకుపోవడానికి వచ్చింది. గుమ్మంలో దీన్ని దాటుకునే వెళ్ళింది."

ఇక బతికే దారి లేదని డాక్టరు సూది వేశాడు. ఉమ్‌సునాయ్ వేలికణుపుతో బల్లమీద మెల్లగా తట్టింది. తోకకొన కదిలింది. మళ్ళీ తట్టింది. మూడోసారి తట్టినప్పుడు కదలలేదు.

ఎర్రపిల్లి కుట్లు మాత్రం విప్పించుకొనే ఆమె అట్టపెట్టెను ఎత్తుకొని వెనుదిరిగింది. గదికి చేరి, మేకుమీది మూట విప్పి రొట్టెను పక్కన పెట్టింది. ఖాళీ అయిన రుమాలులో అప్పాక్‌ను చుట్టి, భవనం వెనుక వేడిగొట్టాలు పోయేచోట, మంచు నిలవని మెత్తని నేలలో పూడ్చింది.

పొద్దువాలే వేళకు దుకాణం ముందు ఇరుగుపొరుగు వరుసకట్టి ఉన్నారు.

"రా అక్కా, వేడివేడిగా ఉన్నాయి!"

"అప్పాక్ ఎలా ఉంది?"

"పొద్దున చెప్పానుగా..."

"ఇప్పుడు చెప్పు."

కనిషాయ్ ఆమె గోళ్ళలోని మట్టిని చూసింది.

"ఏం చేయనక్కా, పిల్లాడికి తుమ్ములంట. బంధువులతో తగువెక్కడ పెట్టుకోను? నీకు చెబితే రచ్చ చేస్తావని..."

"నన్ను వీధిలో నిలబెట్టినప్పుడు మా అత్త ఇంటికెళ్ళి రచ్చ చేసింది నువ్వే."

"నువ్వు మనిషివక్కా! అది పిల్లి."

"నువ్వు ఒట్టు పెట్టింది పిల్లికి కాదే. నాకు."

ఆమె వెంట తెచ్చిన ఎండిన రొట్టెను దుకాణపు చెక్కపలకమీద, బోర్లించకుండా, మర్యాదగా పెట్టింది. ఏమీ కొనకుండా, ఎర్రపిల్లి సంచిని భుజాన సర్దుకొని వెళ్ళిపోయింది.

ఆ సాయంకాలం వేడిరొట్టెలన్నీ అమ్ముడుపోయాయి. రొట్టెను పారవేయడం పాపం. ఒకరు కొరికి ఇచ్చిన రొట్టెను మరొకరు తినరు. తుడిచిన ఖాళీ పలకమీద అది ఒక్కటే మిగిలింది, రాయిలా బిగిసి, అంచున కనిషాయ్ పళ్ళ అచ్చుతో.