నా నోటికి చిక్కిన సముద్రపువ్వు

నేను ఒక నీటి మోటారును. బావిలోంచి నీళ్ళు తోడేదాన్ని కాదు. చేపల తొట్టెలో ఓ మూల మునిగి కూర్చుని, ఒకవైపు నీళ్ళు పీల్చి ఇంకోవైపు వదిలేదాన్ని. పిడికిలంత ఉంటాను. కర్మాగారంలో నాకు తెలివి వచ్చేసరికి చుట్టూ నాలాంటివే రెండు వందలున్నాయి. అన్నిటిదీ ఒకే నలుపు, ఒకే గొంతు. అయినా అందరిలోకీ నేనే ప్రత్యేకమని అప్పుడే నమ్మేశాను. ఈ జబ్బు మనుషుల దగ్గర అంటుకుందని చెప్పుకుందామంటే, అప్పటికింకా వాళ్ళతో పరిచయమే లేదు.

మొదటి ఉద్యోగం విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోలో. కెమెరాను చూసి ఏడ్చే పసిపిల్లలను నవ్వించడానికి యజమాని బంగారు చేపలను పెంచేవాడు. పిల్లలు చేపలను చూసి నవ్వితే, నా బుడగలను చూసే నవ్వారని మురిసిపోయేదాన్ని. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. విశాఖ హార్బరులో క్రేను నడిపే చిన్నంనాయుడు తొట్టెతో పాటు నన్నూ కొనుక్కుపోయాడు.

అవి నా మంచిరోజులు. నాయుడు తొట్టెలో ఉప్పునీళ్ళు కలిపి, రాళ్ళు పేర్చి, తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలను రెండింటిని వదిలాడు. ప్రతి ఆదివారం నన్ను పైకి తీసి, పాత టూత్‌బ్రష్‌తో నా రెక్కల సందుల్లో పాచి తోమేవాడు. పొద్దున లేవగానే తొట్టెకు చెవి ఆనించి నా రొద వినేవాడు. ఆయన భార్య నూకరత్నం కాఫీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడేది. కాఫీ చల్లారిపోయేది. పాపం అనుకునేదాన్ని, లోపల సంబరపడుతూనే.

ఎనిమిది నెలలకు అది వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో, నలిగిన గోంగూర కట్టలా. ఎనిమోన్ అన్నాడు నాయుడు. సముద్రపువ్వు అంది రత్నం, అది పువ్వులా కనిపించే ప్రాణి మరి. నీళ్ళలో పడ్డాక విప్పుకుంది. ఆకుపచ్చ వేళ్ళు, ఒక్కో వేలి కొసన ఊదారంగు బొట్టు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. అందుకే ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచి నాయుడు చెవి నావైపు తిరగలేదు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో రోజుకు మూడుసార్లు కొలిచేవాడు. రొయ్య ముక్కను పట్టకారుతో పట్టుకుని దాని నోటికి అందించేవాడు. అది మాత్రం ఒకచోట నిలిచేది కాదు. ఒంటికాలి మీద పాకుతూ అద్దం మూలకు పోయేది. నాయుడు దాన్ని ఊడదీసి, నలుగురికీ కనబడేలా మధ్య రాయి మీద పెట్టేవాడు. మర్నాడు మళ్ళీ పాకేది. దీపం మార్చాడు, రాళ్ళు మార్చాడు. అది ముడుచుకుపోయి, నోరు తెరుచుకుని వేలాడింది. దాన్ని చూస్తూ కూర్చోవడానికి మూడు రోజులు సెలవు పెట్టాడు.

రత్నం గుమ్మంలో నిలబడి అంది: “ఏటయ్యా, నాకు జొరమొచ్చినప్పుడు ఒక్క పూట సెలవెట్టలేదు. ఈ గోంగూర కట్టకి మూడ్రోజులెట్టీసినావు!”

“అది మూగజీవమే రత్నం.”

“నాను మాటాడీదాన్ని కాబట్టి నాకేటీ అక్కర్లేదా?”

ఆవిడకూ నాకూ ఒకే జబ్బని అప్పుడు తెలిసింది.

పాకుతూ నాలోకి వస్తుందేమోనని నాయుడు నా నోటికి స్పాంజి కట్టాడు. ఇన్నేళ్ళు సేవ చేసినదాని మూతికి దొంగకు కట్టినట్టు గుడ్డ! ఆ అవమానంలో ఉండగానే ఆయన చెల్లెలి ఇంట గృహప్రవేశానికి పాలకొండ బయల్దేరాడు. “స్పాంజికి మురికి పడితే తొట్టె నీళ్ళతోనే కడిగి, మళ్ళీ కట్టీ. మరచిపోకు,” అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున రత్నం స్పాంజి తీసి కడిగింది. పిండింది. చేత్తో పట్టుకుని సముద్రపువ్వు వైపు చాలాసేపు చూసింది. తర్వాత స్పాంజిని కిటికీలో ఆరబెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అది రాయిని వదిలింది. నీళ్ళలో తేలి, తిరుగుతూ నావైపు వచ్చింది. రా, రా అనుకున్నాను. ఏం దాచను, ఆ క్షణం కోసమే నెలంతా తిరిగాను. మొదటి వేలు నా నోట్లోకి జారింది. మెత్తగా ఉంది. తర్వాత ఇంకో నాలుగు. అప్పుడు తెలిసింది, పీల్చడం నాకు తెలుసు గాని ఆపడం తెలియదని. రెక్కలు తెగనరుకుతున్నాయి. నీళ్ళు తెల్లగా చిక్కబడ్డాయి. నారింజ చేపలు రెండూ వచ్చి నన్ను ముక్కులతో పొడిచాయి. నా గొంతు గరగరలాడింది.

ఆ శబ్దానికి రత్నం దొండకాయలు తరుగుతున్న కత్తిపీట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ప్లగ్గు లాగేసింది. పువ్వును గుంజలేదు. మోచేతి దాకా నీళ్ళలో ముంచి, అరచేయి దాని కింద పెట్టి, అదే వదులు చేసుకుని బయటికి వచ్చేదాకా కదలకుండా నిలబడింది. “ఒద్దే తల్లీ, సావకే,” అంటూనే ఉంది. తర్వాత చెడిన నీళ్ళు సగం తోడి, నాయుడు కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్ళు పోసింది. స్పాంజి కట్టాకే ప్లగ్గు పెట్టింది.

నాయుడు తిరిగొచ్చి, సగం వేళ్ళు లేని దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు.

“స్పాంజి నానే కట్టలేదు,” అంది రత్నం. “మరచిపోయి కాదు. కావాలనే.”

ఆయన తొట్టె మీంచి చూపు తిప్పి ఆవిడ వైపు తిరిగాడు. అడిగాడు: “నీకు జొరం ఎన్ని రోజులుందే?”

“నాలుగు.”

“నాకు తెల్దు.”

“తెల్దనే గదా నా ఏడుపు!”

ఆ పైన దాని పోషణ రత్నం తీసుకుంది. పోషణంటే ఎక్కువగా ఏమీ చేయకపోవడమే. ఉప్పు ఒకే తీరుగా, దీపం ఒకే వేళకు. నాయుడు చేయి తొట్టెలోకి పోతే కసిరేది. “కొత్తకోడల్ని రోజుకో గదిలోకి ఈడిస్తే ఏ ఇంట్లో కుదురుకుంటాదయ్యా? దాని సోటు అదే ఎతుక్కుంటాది.” మూడో వారానికి అది రెండు రాళ్ళ సందులో పాదం దూర్చి, అక్కడే ఉండిపోయింది. తెగినచోట చిన్న చిన్న వేళ్ళు మొలిచాయి. నారింజ చేపలు దాని ఒడిలో పడుకోవడం మొదలెట్టాయి. నేను వదిలే నీళ్ళకే అది ఊగేది. ఆ సంగతి తొట్టెలో ఎవరూ గమనించలేదు.

మూడేళ్ళకు నాలోని తీగచుట్ట బలహీనపడి, నా చోటికి కొత్త మోటారు వచ్చింది. ఇప్పుడు అలమరా మీద, మాడిన బల్బు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాను. మొన్న పక్కింటి ఈశ్వరమ్మ వచ్చి, “వదినా, ఈ పువ్వుని ఇంత కుదురుగా ఎలా పెంచినావు?” అని అడిగింది. రత్నం ఏదీ దాచలేదు. జ్వరం, సెలవు, స్పాంజి, అన్నీ చెప్పింది. “నానే సంపేయబోయినాను దీన్ని,” అని కళ్ళొత్తుకుంది. ఈశ్వరమ్మ ఆవిడ చేయి పట్టుకుంది.

డబ్బాలోంచి అంతా విన్నాను. వేళ్ళు నరికిందెవరు? నెలంతా కాచుకుని కూర్చుందెవరు? చెప్పినంతసేపట్లో నా ఊసే లేదు. ఆఖరికి ఆ పాపంలో కూడా నాకు వాటా ఇవ్వకుండా అంతా ఆవిడే తీసేసుకుంది.