బెల్టు ముక్కతో రివర్సు గేరు

ఓపెన్‌కాస్టు బొగ్గు గని మా ఊరి అంచుదాకా వచ్చింది. రామగిరి పక్కన మా వాడంతా ఖాళీ అయింది. ఇంకా నిలబడి ఉన్నది మా ఇల్లొక్కటే, పెరట్లో నా అంబాసిడర్. సెంటినరీ కాలనీకీ గోదావరిఖనికీ మధ్య ఆ కారును కిరాయికి తిప్పుకునే బతుకుతున్నాను. దాని ముందు ఇంటి గోడ, రెండు పక్కలా ప్రహరీ, వెనక గేటు. బయటికి రావాలంటే వెనక్కే రావాలి. పొద్దున స్టార్టు చేసి, స్టీరింగు కింద ఉండే గేరు లివర్‌ను రివర్సులోకి లాగితే సగంలో బిగుసుకుపోయింది. పైకి రాదు, కిందికి పోదు.

గేటు బయట సదానందం జేసీబీ ఆపి బీడీ ముట్టించాడు. మధ్యాహ్నం బ్లాస్టింగు సైరన్ లోపు మా గోడలు పడగొట్టడం అతని డ్యూటీ.

"ఎలీషన్నా, గొలుసేసి గుంజుత. ఎంతసేపు?" అన్నాడు.

"రెండు గేర్లు ఒక్కసారే పడి ఇరుక్కున్నయి. చక్రం తిరగది. నువ్వు గుంజితే గేరుబాక్సు పగుల్తది. ఇగ తుక్కు దుకాణానికే."

"మరి జల్ది చూస్కో. సైరన్ నాకోసం ఆగది, నీకోసం ఆగది."

సామాను ఎక్కించడానికి వచ్చిన నా తమ్ముడు ఆమోసు బానెట్ ఎత్తాడు. వాడు గనిలో మట్టి తవ్వే షావెల్ మెషీన్ మీద ఫిట్టర్. గనిలో పనిచేసే మా బాపు జబ్బుతో అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన ఉద్యోగం ఒక్క కొడుకుకే వస్తుందన్నారు. ఏడో తరగతిలో బడి మాని, లారీ మీద క్లీనరుగా పోయి ఇల్లు నడిపింది నేను. ఉద్యోగం మాత్రం చదువుకున్న చిన్నోడికని తేల్చారు. నేను ఒప్పుకున్నానని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నన్ను అడిగిందెవరు?

స్టీరింగు గొట్టం అడుగున, గేరుబాక్సు వైపు పోయే రెండు కడ్డీలు కనబడటం లేదు. వాటి మీద నల్లటి ముద్ద గడ్డకట్టి ఉంది.

"ఇది ఎవడు పూసిండు?" అన్నాను.

"నేనే. పోయిన నెల గేరు గట్టిగున్నదంటివి గదా. షావెల్ గ్రీజు. అసలు మాలు."

మా దగ్గర అంతే. తలుపు కిర్రుమన్నా, బావి గిలక అరిచినా గని గ్రీజే మందు. షావెల్‌కు రోజూ కొత్త గ్రీజు కొడితే పాతది మురికిని తోసుకుంటూ బయటికి వస్తుంది. కారు కింద అలా కాదు. గాలిలో బొగ్గుపొడి అంతా వచ్చి దాంట్లోనే కూర్చుని సానరాయిలా అరగదీస్తుంది. కడ్డీలు ఒరుసుకోకుండా నడుమ ఉండే రబ్బరు బుష్‌ను అదే తినేసింది. బుష్ పోతే ఒక గేరు కడ్డీని లాగినప్పుడు రెండోది కూడా కదులుతుంది. అందుకే రెండు గేర్లూ పడ్డాయి.

"గనిని తెచ్చి నా కారుల పెట్టినవురా," అన్నాను.

"మంచికే చేసిన గదనే."

"మీ మంచి నాకు ఎప్పుడు అచ్చొచ్చింది?"

వాడు కిరసనాయిలు తెచ్చి ముద్దను గీకసాగాడు. పిన్ను పీకి కడ్డీలు విప్పాను. బుష్ ముక్కలై చేతిలో రాలింది. అలాంటిది గోదావరిఖని దుకాణాల్లో దొరకడం మానేసి చాలా కాలమైంది. వెతికే టైము కూడా లేదు.

నా భార్య సువార్త గడప ముందు పరిచిన రబ్బరు పట్టాను చుడుతోంది. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు అరిగి పారేస్తే తెచ్చుకున్న ముక్క అది. ఇక్కడ ఏ గడప ముందు చూసినా అదే ఉంటుంది. దాన్ని లాక్కుని కత్తితో ఒక మూల కోశాను.

"ఇగ నన్ను గూడ కోసి దాంట్ల పెట్టు," అంది.

"నువ్వు మెత్తగ లేవు. పనికిరావు."

ఆమోసు ఫక్కున నవ్వి, ఆమె చూపు తగిలి ఆపేశాడు. ఇనుప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి బెల్టు ముక్కకు బెజ్జం పెట్టాను. గుండ్రంగా చెక్కి కడ్డీల నడుమ దూర్చాను. గట్టిగా పట్టింది. కొంచెం ఎక్కువ గట్టిగానే పట్టింది. జేసీబీ స్టార్టయింది.

"అన్నా, ఇగ నాతోని కాదు. పైనోళ్లు ఫోన్ల మీద ఫోన్లు," అని సదానందం అరిచాడు.

"గోడ ముట్టకు. కారు లోపట నేనుంటా. చూస్త ఎట్ల పడగొడ్తవో."

సీట్లో కూర్చుని క్లచ్ తొక్కాను. ఆమోసు రెంచితో అడుగున ఇరుక్కున్న కడ్డీని న్యూట్రల్‌కు కొట్టాడు. ఒక దెబ్బకు రాలేదు. ఇంకోటి వేశాడు. లివర్ నా చేతిలో వదులైంది. రివర్సు వైపు లాగితే రబ్బరు అడ్డుపడింది. రెండు చేతులతో పట్టి, కాలు డాష్‌బోర్డుకు తన్ని లాగాను. భుజం పట్టేసినట్టయింది. గేరు పడింది.

కారు వెనక్కి కదిలింది. గేటు స్తంభం కారు తలుపును బారుగా గీసింది. ఆపలేదు. రోడ్డెక్కి మొదటి గేరు వేశాను. అదీ రెండు చేతుల పనే. ఆమోసు పరుగెత్తి పక్క సీట్లోకి ఎక్కాడు. సువార్త అప్పటికే సామాను నింపిన ట్రాలీ ఎక్కి, కమాన్‌పూర్‌లో మేం దిగబోయే ఇంటికి వెళ్లిపోయింది.

రెండో గేరు పడలేదు. క్లచ్ తొక్కి మళ్లీ లాగాను. పడలేదు.

"కమాన్‌పూర్ దాక మొదటి గేరుమీదనే పోతవా?" అన్నాడు ఆమోసు.

"పోత," అని మళ్లీ లివర్ పట్టుకున్నాను.