అయిందనే అలవాటు

"అన్నం అయిందా సరోజనా?" వాకిట్లోంచి అత్త పోశవ్వ కేక. గిన్నెలో బియ్యం ఇంకా పలుకు మీదే ఉన్నాయి. "అయిందత్తమ్మా" అంది సరోజన. కాలేదంటే పది మాటలు పడాలి. కాపురానికొచ్చిన కొత్తలోనే పట్టుబడిన విద్య ఇది. వాకిలి ఊడ్చుడు అయిందా, అయింది. ఆయన అంగీ ఇస్త్రీ అయిందా, అయింది. ఆ తర్వాత ఉరుకులు పరుగులు ఎలాగూ తనవే.

పొయ్యి ముందు నిలబడితే ఆవిరిలో తను నౌకరి చేసే హన్మకొండ కాలేజీ కంప్యూటర్ గది తేలి వస్తుంది. ఆ చల్లటి గదిలో డిస్కు తిరుగుతూనే ఉంటుంది, కళ్లు మూసుకున్నా తిరుగుతుంది. కొన్నాళ్లుగా అందులో దాచిన పిల్లల మార్కులు సగం మాయమవుతున్నాయి. డిస్కు ముసలిదైంది, పారేద్దామన్నాడు కాలేజీ ప్రిన్సిపాల్ వెంకట్రాజం సారు. సరోజన అనుమానం మాత్రం డ్రైవరు మీద. డ్రైవరంటే కంప్యూటరుకూ డిస్కుకూ నడుమ మాటలు మోసే ప్రోగ్రాము. రాత్రి ఆ సంగతి చెబితే మొగుడు మల్లికార్జున్ పడీపడీ నవ్వాడు. "డ్రైవర్‌ను బాగుచేస్తవా? ఏ బస్సుది? ఇగ చాలు, నౌకరి బంద్ చెయ్. అమ్మకు చాతనైతలేదు. రేపే సారుకు చెప్పు."

గంజి వార్చబోతే మెతుకు గట్టిగా తగిలింది. అయిందన్నానే, అనుకుంది. అంతే, మూత పట్టిన చేయి అలాగే ఆగిపోయింది. డ్రైవరూ తనలాగే చేస్తోంది! డిస్కు ఇంకా రాస్తుండగానే అయిందని చెప్పేస్తోంది. అది నమ్మి కంప్యూటరు పైనుంచి ఇంకో పని తోసేస్తోంది, సగం రాసింది చెరిగిపోతోంది. బట్ట నేసే నాయిన కూడా, మగ్గం మీద పోగు మోసే నాడె అవతలి కొసకు చేరందే పలక దెబ్బ వేసేవాడు కాదు. పాపం, ఈ డ్రైవరును ఎవరు ఇంత భయపెట్టారో! నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

కాలేజీకి పోయి మధ్యాహ్నానికి ప్రోగ్రాములో నాలుగు వరసలు మార్చింది. డిస్కు తానుగా అయిందనేదాకా నోరు మెదపొద్దని డ్రైవరుకు నేర్పింది. సాయంత్రం చూస్తే మార్కులన్నీ రాసినచోటే ఉన్నాయి. "శభాష్ సరోజనమ్మా!" అన్నాడు వెంకట్రాజం సారు. ఆ సంతోషంలో, చెప్పమన్న మాట చెప్పకుండానే వరంగల్ బస్సెక్కింది. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చున్న ఆమె కళ్లలో డిస్కు తిరుగుతూనే ఉంది.

గడపలోనే మల్లికార్జున్ అడిగాడు. "సారుకు చెప్పుడు అయిందా?"

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరోజన నింపాదిగా చెప్పులు విడిచింది.

"కాలేదు."

"మరెప్పుడైతదే?" లోపలి నుంచి పోశవ్వ.

"అది అయ్యేది లేదత్తమ్మా. అన్నం గూడ ఇయ్యాల్టి సంది ఉడికినంకనే అయిందని చెప్త."