సగం స్లాబు

మిక్సర్ పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది. స్లాబు మొదలుపెట్టాక ఆపడమనే మాట ఉండదు. మధ్యలో ఆపితే ఆ అతుకులోంచి జీవితాంతం నీళ్లు కారతాయని మేస్త్రీ భయం. అందుకే ఆ రోజు తిండికి కూడా అందరినీ ఒకేసారి వదలడు.

వెడల్పాటి చెక్క మెట్ల నిచ్చెన మీద నిలబడ్డ ఆడవాళ్ల వరసలో పైమెట్టు పొడుగక్కది. ఆమె ఎత్తు చూసి అక్కడ నిలబెట్టారు, ఆ ఎత్తే ఆమె పేరైపోయింది. కింది నుంచి చేతులు మారుతూ వచ్చిన కాంక్రీటు తట్ట అందుకోవాలి, పైకి అందించాలి, ఖాళీ తట్ట కిందికి వదలాలి. భుజాలు ఎప్పుడో మొద్దుబారాయి. కింది పెదవి వెనక పొగాకు చిటికెడు ఉంది కాబట్టి ఆకలి ఇంకా తెలియడం లేదు. మనసు మాత్రం ఒక చోట నిలవడం లేదు. రెండుసార్లు తట్ట జారబోయింది.

"ఏమే, నిద్రపోతున్నావా?" పైనుంచి మొగుడు కసిరాడు. వారమంతా కడ్డీలు కట్టిన మనిషి, ఇవాళ కాంక్రీటు చదును చేస్తున్నాడు.

నిద్రా? రాత్రి కన్ను మూతపడితే కదా.

నిన్న సాయంత్రం కూలి డబ్బులిచ్చారు. ఇద్దరూ వారమంతా చేసినదానికి నాలుగు వేల పైచిలుకు రావాలి. మేస్త్రీ రెండు వేల మూడు వందలు తీసి మొగుడి చేతిలో పెట్టాడు. మిగతాదంతా గేటు పక్క బడ్డీకి పోయింది. ఆ బడ్డీ మేస్త్రీ బావమరిదిది. మందు, సిగరెట్లు, పొగాకు అక్కడ ఎంతైనా అరువిస్తారు. బయటికన్నా ధర ఎక్కువైనా అడిగేవాడు లేడు. ఇంటి అద్దె, బియ్యం పోగా మిగిలింది చూసుకుంటే కూతురి కళ్లద్దాలకు ఈ వారం కూడా డబ్బులు లేవు. వాటికి ఆరు వందలు కావాలి. పిల్ల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతోంది. బోర్డు మీద రాసింది కనపడక, పక్కపిల్ల దాంట్లో చూసి రాసుకుంటే పంతులమ్మ కాపీ కొడుతున్నావని అందరి ముందూ నిలబెట్టిందట.

రాత్రి పొడుగక్క మొగుడి మీద విరుచుకుపడింది. "తాగి తాగి పిల్ల కళ్లు కూడా తాగేశావు కదయ్యా!" అంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిల్లే అంది, మెల్లగా, "అమ్మా, నువ్వు కూడా ఆ పొగాకు పొట్లం మానేస్తే అద్దాలు తొందరగా వస్తాయా?"

కోపంతో అన్నది కాదు. తెలుసుకుందామని అడిగింది.  పొట్లం లేకపోతే మధ్యాహ్నందాకా తట్టలెలా ఎత్తడం? అది పిల్లకు ఎలా చెప్పడం?

ఎండ నడినెత్తికొచ్చేసరికి మేస్త్రీ సంచినిండా సీసాలు మోయించుకుని వచ్చాడు. పైన మగవాళ్లలో కదలిక పుట్టింది.

"ఎవరూ చెయ్యి ఆపొద్దు. ఒక్కొక్కరే వచ్చి గొంతు తడుపుకోండి. ఇవాళ్టి కూలిలో తలా నూట యాభై పట్టుకుంటాను. ఆడాళ్లకి కూడా."

"మేం తాగం కదా మేస్త్రీ?" వరస మధ్యలోంచి ముసలమ్మ అడిగింది.

"మీరు తాగకపోతే మీ మొగుళ్లు తాగుతారు. ఎటు తిరిగీ మీ ఇంటికేగా పోయేది!"

"నా మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన వాటా ఎక్కడికి పంపుతావు నాయనా?"

వరసంతా గొల్లుమంది. మేస్త్రీ కూడా నవ్వాడు. "నీ వాటా నేను తాగుతాలే" అన్నాడు.

పొడుగక్కకు నవ్వు రాలేదు. పైకి చూసింది. మొగుడు అప్పుడే సీసా అందుకుంటున్నాడు. మూత తిప్పే ఆ వేళ్లు సిమెంటుకు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. ఆ నొప్పికి అతనికి సీసా, ఈ ఆకలికి తనకు పొగాకు. ఇద్దరికీ అమ్మేది ఒక్క బడ్డీయే.

కింది నుంచి తట్ట వచ్చింది. అందుకుంది. పైకి అందించలేదు. మెట్టు మీద పెట్టి దాని పక్కనే కూర్చుంది.

"ఏమైంది? కళ్లు తిరిగాయా?" మేస్త్రీ అరిచాడు.

"లేదన్నా, బాగానే ఉన్నా. నా కూలిలో మందు డబ్బులు పట్టనని చెప్పు, లేస్తాను. ఇవాళ్టి నుంచి నా కూలి నా చేతికే ఇవ్వాలి. ఆయన చేతికి కాదు, బడ్డీకీ కాదు."

"సాయంత్రం మాట్లాడుకుందాం, ముందు తట్ట ఎత్తు!"

"సాయంత్రానికి స్లాబు అయిపోతుంది. అప్పుడు నా మాట ఎవరు వింటారు?"

పైనుంచి మొగుడు వంగాడు. "పరువు తీయకే. లే!"

"నన్ను లేపడం కాదు. పిల్లకు ఏం చెబుతావో అది చెప్పు, వింటాను."

అతను సీసా పట్టుకునే నిలబడ్డాడు. తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

"రేపటి నుంచి నీకిక్కడ పని లేదు!" మేస్త్రీ గొంతు చించుకున్నాడు.

"రేపటి సంగతి రేపు. ఇవాళ్టిది చెప్పు."

 ఆమె చేతులు మోకాళ్ల కింద దూర్చుకుంది. ఇంకెవరూ ఆపకపోతే తన గతేంటి? కింద ఇనుప తట్ట చెక్కకు తగిలిన చప్పుడైంది. ముసలమ్మ తనది దించేసి నడుం పట్టుకుంటోంది. ఆ వెనకాల మరొకటి. మిగిలినవాళ్లు తట్టలు పట్టుకునే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు.

స్లాబు సగం దగ్గర తడి అంచు ఎండలో రంగు మారుతోంది.

"పొయ్యమంటారా, ఆపమంటారా?" మిక్సర్ దగ్గరి మనిషి కేకేశాడు. అడిగింది మేస్త్రీనే అయినా, అతని చూపు నిచ్చెన పైమెట్టు మీదే ఉంది.