బీరువాలోంచి తట్టింది ఎవరు?

రండి తల్లుల్లారా, అయ్యల్లారా, కాస్త ముందుకి జరగండి. ఆ మూలనున్న పెద్దాయనకి కూడా ఇంత చోటివ్వండి. దేవుడిచ్చిన చెవులు కాసేపు నాకివ్వండి, చాలు.

ఒక ఆసుపత్రి. అక్కడికి వచ్చే పోయే మెయిళ్లన్నీ చూసుకునే ఆవిడని అందరూ మెయిలమ్మ అనేవారు. పొద్దున్నే వచ్చి, దణ్ణం పెట్టుకుని, సర్వర్ ఉన్న ఇనప బీరువా మీద దుమ్ము తుడిచి పని మొదలుపెట్టేది. ఆ సర్వర్‌లో ఓ కాపలా ప్రోగ్రాం ఉంది. పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొడితే, కొట్టినవాళ్లు ఏ చిరునామా నుంచి వచ్చారో ఆ చిరునామాకే తలుపు మూసేస్తుంది. అలా మూతపడ్డ ప్రతి చిరునామా బీరువా లోపల్నించి తడుతూ ఉండేది. దొంగలైతే దడదడా నాలుగు వైపులా బాదేవాళ్లు. "ఇవాళ బాదుడు ఎక్కువే!" అనుకుంటూ నర్సులు టీ తాగేవాళ్లు. అంతే.

ఆ రోజు మెయిలమ్మ పెద్దాడపడుచుకి గొంతు ఆపరేషన్. ఆవిడ నోరంటే వీధంతా హడల్. మెయిలమ్మకైతే పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ దెప్పుళ్లే మేలుకొలుపు. గొంతులో గడ్డ ఊపిరికి అడ్డం పడుతోంది. ముక్క తీసి దూరాన ఉన్న ల్యాబుకి పంపారు.

"గడ్డ మంచిదని, క్యాన్సర్ కాదని రిపోర్టు వస్తే గడ్డ ఒక్కటే తీస్తాను," అంది సర్జనమ్మ. "రాకపోతే ప్రాణం కోసం గొంతు వదులుకోవాలి. మధ్యాహ్నం దాకా చూస్తా. నోటిమాట మీద కత్తి పట్టను, ఆ ముక్క ఫొటోలు నా కళ్లతో చూడాలి."

అంతలో ల్యాబు గుమాస్తా ఫోన్ చేశాడు. "మేడమ్, రిపోర్టు పంపుతుంటే మీ సర్వర్ మొహం మీదే తలుపేస్తోంది!"

చూస్తే ల్యాబు చిరునామా నిషేధంలో ఉంది. మెయిలమ్మ ఎత్తేసింది. ఫొటోలు సగం వచ్చేలోపే మళ్లీ నిషేధం! కాపలా ప్రోగ్రామే చెడిందనుకుని ఆపి మళ్లీ నడిపింది. మళ్లీ అదే వరస.

"పాస్‌వర్డ్ సరిగ్గా కొడుతున్నావా నాయనా?"

"నిన్న మీరు మార్చిచ్చిందే కొడుతున్నా మేడమ్, ఒట్టు!"

ల్యాబు జోలికి పోవద్దని కాపలాకి చెప్పేయొచ్చు. కానీ అక్కడ దూరి తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నది దొంగే అయితే? రోగులందరి గుట్టూ వాడి చేతిలో పెట్టినట్టే.

వరండాలో స్ట్రెచర్ మీదున్న ఆడపడుచు బొంగురుగా అంది. "ఏమే, నా నోరు పోతే నీకు పండగే కదూ?"

"పోనివ్వను వదినా. మీరు తిట్టకపోతే నాకు తెల్లారదు."

మెయిలమ్మ గదిలోకొచ్చి బీరువాకి నుదురానించి దేవుణ్ణి తలుచుకుంది. అప్పుడు వినబడింది. ఇది దొంగల బాదుడు కాదు. ఒకే చోట, మెత్తగా, ఆగి ఆగి తడుతోంది. తట్టే ముందు కాగితం జారినట్టు సర్రుమంటోంది. అన్నేళ్లలో ఆ తట్టేవాళ్లని ఎవరూ పలకరించిన పాపాన పోలేదు.

"ఎవరు తల్లీ నువ్వు?" అంది మెయిలమ్మ.

చప్పుడు ఆగింది. బీరువా సందులోంచి వెచ్చటి గాలి వచ్చింది, మెషీన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం వాసనతో.

ఆవిడ ఫోన్ అందుకుంది. "మీ దగ్గర స్కానర్ ఉందా?"

"ఆ, మూలన. పొద్దుట్నించీ ఒకటే కుయ్ కుయ్. చిరాకేసి గుడ్డ కప్పాం."

"అది కూడా మెయిల్ పంపుతుందిగా! దానికి కొత్త పాస్‌వర్డ్ చెప్పారా?"

"దానికి... దానికెవరు చెప్తారు మేడమ్?"

"మీ ల్యాబంతటికీ చిరునామా ఒక్కటేగా, అది పాత పాస్‌వర్డే కొట్టి కొట్టి మీ అందరికీ తలుపు మూయిస్తోంది! ముందు ప్లగ్ పీకు!"

పీకాడు. మెయిలమ్మ నిషేధం ఎత్తింది. బీరువాలో నిశ్శబ్దం. ఫొటోలు ఒక్కొక్కటే దిగాయి, చివరిదాకా. సర్జనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "మంచి గడ్డేనమ్మా!" అంటూ ఆపరేషన్ గదిలోకి పరిగెత్తింది.

సాయంత్రం ఆడపడుచు కళ్లు తెరిచింది. గరగరలాడుతూ, నిండుగా ఒక గొంతు లేచింది. "ఏమే, నీళ్లు తెమ్మంటే చెరువు తవ్వుతున్నావా?"

వార్డంతా చప్పట్లు! మెయిలమ్మ నవ్వుతూ ఏడుస్తూ గ్లాసు తెచ్చింది. ల్యాబువాళ్లు గుడ్డ తీసి, స్కానర్‌కి కూడా కొత్త పాస్‌వర్డ్ చెప్పారు.

తల్లుల్లారా, తక్కినదంతా మరిచిపోయినా ఫర్వాలేదు. తట్టిన చప్పుడుకి దొంగ అనేయకుండా ఆవిడ "ఎవరు తల్లీ" అని అడిగింది చూశారూ, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి మీవాళ్లకి చెప్పండి. రేపు మీ తలుపు తట్టినవాళ్లని మీరూ అలాగే అడగండి.