కానుగ కింద మూడు కుండీలు

గంజి కుంచె మూడోసారి, మగ్గానికెక్కాల్సిన నిలువు పోగుల పడుగు మీదుగా వెళ్ళి వచ్చేసరికి తూర్పు గోడ అంచు తెల్లబడింది. బాలమణి ఆగలేదు. గంజి తడి ఆరకముందే పోగుకూ పోగుకూ మధ్య గాలి ఆడాలి. ఆగితే రెండు పోగులు అంటుకుంటాయి, వాటిని విడదీస్తే ఏదో ఒకటి తెగుతుంది. రెండు చేతులా పట్టిన కుంచెను ఒకే బరువుతో లాగుతూ, వెనక్కి అడుగులు వేస్తూ, ఆమె పెరటి చివరనున్న తుమ్మగుంజ దాకా వెళ్ళింది. మళ్ళీ కానుగచెట్టు దాకా వచ్చింది. పడుగుకు ఒక కొస గుంజకు, ఒక కొస చెట్టుకు. నలభై రెండేళ్ళుగా ఆమె నడిచిన దూరమంతా ఆ రెంటి మధ్యనే ఉంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళ ఎత్తు. గంజిలో నానిన వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా, ఉతికి ఆరేయని గుడ్డలా ముడతలు పడి ఉంటాయి. వెనక్కి నడిచే పని కనుక మడమలు గట్టిపడి, ముందుకు నడిచేటప్పుడు ఆమె కొంచెం తూలుతుంది. గద్వాల చీరను చేతిలోకి తీసుకున్నవాళ్ళు అంచును మెచ్చుకుంటారు, కొంగును మెచ్చుకుంటారు, మర్యాద తెలిసినవాళ్ళు నేసినవాడి పేరు కూడా అడుగుతారు. పడుగుకు గంజి పెట్టిందెవరని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకు ఆమె బాధపడిందనుకోవడం ఆమెకు లేని సౌకుమార్యాన్ని అంటగట్టడమే అవుతుంది. బాలమణి మంచిగా మాట్లాడే మనిషి కాదు. మగ్గం మీద పోగు తెగితే తప్పు నీ చేతిదేనని నేతగాడి మొహం మీదే అనేది. భర్త ఎల్లన్న బతికున్న రోజుల్లో అతనికీ అదే మాట దక్కేది.

కానుగను నాటింది మగ్గాల యజమాని నారాయణ, మగ్గాల షెడ్డు వేసిన ఏడాది. పెరట్లో వేప నాటుదామని అందరూ అంటే, వద్దన్నది అప్పుడు పదహారేళ్ళున్న బాలమణి. వేపాకు చిన్నది. తడి నూలు మీద పడితే గోరుతో గీకాలి, గీకితే పోగు పోతుంది. కానుగాకు పెద్దది, నున్నటిది, రెండు వేళ్ళతో తీసి పారేయవచ్చు. నీడ దట్టం. ఎండ నేరుగా తగిలితే గంజి పెట్టిన నూలు పెళుసెక్కి అగ్గిపుల్లలా విరుగుతుంది. నారాయణ ఆ పిల్ల మాట విని కానుగే నాటాడు. అతను పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు పెరడూ మగ్గాలూ అతని కొడుకు గిరిధర్‌వి.

ఆ ఉదయం గిరిధర్, అతని భార్య సుష్మ చాయ్ గ్లాసులతో పెరట్లోకి వచ్చి చెట్టు కింద నిలబడ్డారు. వనపర్తిలో పుట్టి హైదరాబాదులో చదువుకున్న సుష్మకు ఈ ఏడాది పెరటితోట మీద ధ్యాస కలిగింది. కార్తీకంలో మూడు కుండీల్లో లెట్యూస్ విత్తనాలు వేసింది. బాలమణి దాన్ని సలాడాకు అంటుంది. ఒకరోజు పళ్ళెంలో పెట్టిస్తే తిని, మేకకు తెలివుంటే దీన్ని ముట్టదని చెప్పి, పళ్ళెం కడిగి ఇచ్చింది. కానుగ మొదట్లో ఉన్న ఆ మూడు కుండీలూ ఇప్పుడు గుమ్మటాల్లా లేతాకుపచ్చగా విప్పుకుని ఉన్నాయి.

సుష్మ చెట్టునూ సలాడాకునూ పోల్చి చూసింది. ఆమె పద్ధతిలో లోపమేమీ లేదు. చెట్టు పెరట్లో సగం చోటు ఆక్రమిస్తుంది. ఎండాకాలం ముందు ఆకు రాలుస్తుంది, తర్వాత పూత, ఆ తర్వాత కాయ. అందులో తినదగింది ఒక్కటీ లేదు. సలాడాకు నెలన్నరలో కోతకు వస్తుంది, పొయ్యి మీద పెట్టే పని లేదు, నిమ్మకాయ పిండితే చాలు. నీడలోనే ఇంత బాగా వచ్చినది ఎండ తగిలితే మూడింతలు వస్తుందని గిరిధర్ లెక్కతేల్చాడు. చెట్టు తీసేసి అంత మేరా మడి చేద్దామన్నాడు. ఆ పోలికలో చెట్టు ఉంది, ఆకు ఉంది, ఊడ్చే చీపురు కూడా ఉంది. చెట్టుకు కట్టిన పడుగు లేదు. పడుగు పక్కన నిలబడి వింటున్న మనిషి లేదు.

నిజానికి గిరిధర్‌కు ఆ మనిషి గుర్తుంది. ఏడాదిగా మిల్లులో గంజి పట్టించిన పడుగులు తెప్పిస్తున్నాడు. రెండు మగ్గాలకే ఇంకా చేతి పడుగు కావాలి. బాలమణిని వద్దనడానికి అతనికి నోరు రాదు. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో గంజి తాగి పెరిగిన నోరు అది. మనిషిని పొమ్మనలేని పిరికివాడికి చెట్టును కొట్టడం సులువు.

బాలమణి కుంచెను పడుగు మీద ఆనించి మొదటిసారి వాళ్ళ వైపు తిరిగింది.

"చెట్టు పోతే నా పడుగు యాడ కట్టాలె, గిరీ?"

"నీకెంత పనుంది పెద్దమ్మా, నెలకు రెండు పడుగులాయె. షెడ్డుల రేకుల కింద కట్టుకో."

"రేకుల కింద నూలు మాడుతది."

"జర సూసుకొని చెయ్యి. అందరు చేస్తలేరా?"

"మీ నాయిన నా కోసమే పెట్టిండు దీన్ని."

గిరిధర్ చాయ్ గ్లాసు అడుగున మిగిలిన మడ్డిని చెట్టు మొదట్లో పారబోశాడు. "నాయిన పెట్టిండు, నాయిన పోయిండు. నీ ఒక్కదాని కోసం చెట్టును మేపుతరా ఎవరన్న?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతను వెళ్ళిపోయాక సుష్మ ఉండిపోయింది. ఆమెకు ఆ మాటలు నచ్చినట్టు లేదు. కానీ నచ్చలేదని చెప్పనూ లేదు. వంగి ఒక ఆకును నిమిరి అడిగింది.

"బాలమణమ్మా, నువ్వు దినాం ఈడనే ఉంటవు గదా. ఎండల పెడితే ఇంక మంచిగొస్తదా ఇది?"

తెగిన పోగు ఒకటి కనిపిస్తే, బాలమణి దాని కొసను పెదవుల మధ్య తడిచేసి ముడి వేస్తోంది. ఆ ముడి పడే లోపల ఆమెకు కార్తీకమాసం గుర్తొచ్చింది. సుష్మ ఆ కుండీలను మొదట పెరటి నడుమ, ఎండలో పెట్టింది. నాలుగు రోజులకు మొలకలు తలలు వాల్చాయి. పడుగు పరిచే దారికి అడ్డమని బాలమణి విసుక్కుని, వాటిని కాలితో ఒక్కొక్కటే తోసుకుంటూ కానుగ నీడలోకి నెట్టింది. వారం తిరిగేసరికి లేచి నిలబడ్డాయి. వాటిని బతికించింది ఆమె దయ కాదు, ఆమె విసుగు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కుండీలు తానే అక్కడ పెట్టానని సుష్మ ఇప్పటికి నమ్మి ఉంటుంది.

నీడ వల్లనే బతికిందని ఒక్క మాట అంటే చాలు. చెట్టు నిలబడుతుంది. సలాడాకు కోసం కానుగను అట్టే పెడతారు, చుట్టూ ఇటుకలు పేర్చి నీళ్ళు కూడా పోస్తారు. పడుగు కొస చెట్టుకు కట్టుకోవడానికి బాలమణికి అడ్డుండదు. ఆకుకు దక్కిన నీడలో ఆమెకూ కొంత చోటు మిగులుతుంది.

ముడి బిగిసింది. మిగిలిన కొసను ఆమె పంటితో తెంపి ఉమ్మింది.

"మస్తొస్తది," అంది. "కొట్టేయుండ్రి."

ఆ తర్వాత ఆమె ఎప్పటిలాగే పని చేసింది. పల్లీనూనె చుక్కలు కలిపిన పలుచని గంజిని రెండోసారి పట్టించింది. మధ్యాహ్నం చెట్టు మొదట్లో కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నది. పడుగు మీద రాలిన మూడు ఆకులను రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టింది. పొద్దు వాలేటప్పటికి పడుగును చుట్టి, ఒక్క పోగు కూడా వదులు లేకుండా కట్టి, షెడ్డులో మగ్గం పక్కన నిలబెట్టింది. తాను చేసిన పడుగుల్లో దాన్ని మించినది లేదు. దాన్ని నేసినవాడు తర్వాత ఆ మాట అన్నాడు, కానీ ఆమెతో అనలేదు. కుంచెను కడిగి, నీళ్ళు విదిల్చి, కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. అంతకుముందు ఎన్నడూ దాన్ని ఆ పెరట్లోంచి బయటికి తీసుకుపోలేదు. తుమ్మగుంజ భూమిలో నాటింది కనుక అక్కడే ఉండిపోయింది.

మర్నాడు రంపం మిషన్‌కు గంటన్నర పట్టింది. నెలాఖరుకు చేతి పడుగు ఒకటి ఉందని గిరిధర్ కబురు పంపితే, భుజం నొస్తున్నదని ఆమె తిరుగు కబురు పంపింది. మళ్ళీ ఎవరూ కబురు పంపలేదు. సామాను సర్దుకుని అమరచింతలో కూతురు రేఖ దగ్గరికి వెళ్ళిపోయింది.

మడి నిండా సలాడాకు మొలిచింది. ఫాల్గుణం నడిమికి ఆకు అంచులు గోధుమరంగుకు మాడాయి. నడుమనుంచి కాడ మోకాలెత్తు లేచి పూతకు తిరిగింది. తుంచితే తెల్లని పాలు కారాయి. సుష్మ ఒక ఆకు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"చెట్టు కిందున్నప్పుడు మంచిగుండె," అంది.

"మరి ఆ ముసల్ది చెప్పొద్దా? నువ్వు అడిగితివి గదా," అన్నాడు గిరిధర్.

"పోయినామెను ఏమనకు."

రేఖ దగ్గరనుంచి ఫోను వచ్చి అప్పటికి రెండు రోజులయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ బాలమణి చీపురు పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుందట. రేఖ చాయ్ తెచ్చేసరికి ఒళ్ళు చల్లబడి ఉందట.

ఆ ఆదివారం గిరిధర్ మడి మీద నీడకోసం పచ్చని వలగుడ్డ తెచ్చాడు. ఒక కొస కట్టడానికి చెట్టు లేకపోవడంతో షెడ్డు గోడకు మేకులు కొట్టాడు. రెండో కొసను పెరటి చివరి తుమ్మగుంజకు కట్టాడు. తాడు జారకుండా నిలవడానికి అక్కడ వేరే ఏర్పాటేమీ అవసరం కాలేదు. గుంజ చుట్టూ నడుమెత్తున ఒక గాడి ఉంది, వేలు పట్టేంత లోతున, గంజి తాగి తాగి నల్లబడి, లోపలంతా నున్నగా.