అంగుళం కదలని స్లైడు

…అయినా అరచేతిలో పట్టేంత వస్తువుకి అంత పొగరెందుకు? పెద్ద పిస్తోలు స్లైడు, అంటే గొట్టం మీద జారే ఇనప తొడుగు, లాగితే బుద్ధిగా వెనక్కి వస్తుంది. ఈ చిట్టిది, నీలి నలుపుది, వాల్‌నట్ చెక్క పిడిది, అంగుళం కదలదు. పిస్తోలు చిన్నదైన కొద్దీ లోపలి స్ప్రింగు బిగువుగా ఉంటుందట. కొట్టులో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వెర్లిన్ వినేవాడు కాదు. అద్దాల బల్లలో దాన్ని చూడగానే గుండె దడదడలాడింది. డెబ్బై ఒకటో ఏట అలా దడదడలాడితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అతను కొనేశాడు.

నలభై ఏళ్ళు ఒక్లహోమా అంతా తిరిగి పియానోలు శ్రుతి చేసిన చేతులివి. ఇప్పుడు బొటనవేలి కీలు మాట వినడం లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయం.

బల్లకి అవతల బర్ల్ గొంతు సవరించుకున్నాడు. తుపాకులు కాల్చే ఈ రేంజిలో శనివారం చేరే గుంపుకి పెద్దమనిషి అతనే.

"ఏమయ్యా వెర్లిన్, మూడు వారాలుగా పెట్టె మూత తీసి చూపిస్తావు, మళ్ళీ మూస్తావు. అందులో ఉన్నది పిస్తోలా, పాము పిల్లా?"

"నూనె ఆరలేదు."

"మూడు వారాలా! ఏం పూశావు, తేనెనా?"

అందరూ నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఇక్కడి పద్ధతి ఒక్కటే. తువ్వాలు మీద పిస్తోలు పెట్టి, స్లైడు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించాలి. అప్పుడే పక్కవాడు ముట్టుకుంటాడు. చేతులు మారని పిస్తోలుకి ఓటు లేదు. ఈ ఏడాది అన్నిటికంటే అందమైన చిన్న పిస్తోలు ఎవరిదో ఇవాళే ఓట్లతో తేలుతుంది. గెలిచినవాడి పేరు షెడ్డు గోడ మీద పలకకి ఎక్కుతుంది. ఆ పలక మీద తన పేరు లేని ఏళ్ళు పదకొండు.

స్లైడు లాగే పనే లేని రకం కూడా ఉంది. మీట నొక్కితే గొట్టం వెనక కొస పైకి లేచి లోపల కనిపిస్తుంది. కిందటేడు ముసలి క్లీటస్ అది తెస్తే "అమ్మమ్మ తుపాకి" అని పేరు పెట్టిందెవరు? వెర్లినే.

"కానియ్యి మరి," అన్నాడు బర్ల్.

వెర్లిన్ గొట్టాన్ని గుళ్ళు ఆపే మట్టిగట్టు వైపు తిప్పి స్లైడు లాగాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాడు. ఈసారి టక్కుమని చప్పుడైంది. పలికింది పిస్తోలు కాదు, భుజం.

"తుప్పు పట్టిందా?" క్లీటస్ ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

పక్కన అతని భార్య ఒలెట్టా ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటోంది. రోజూ ఇరవై మేకల పాలు పితికే గట్టి చేతుల మనిషి. భర్త వైపు చూడకుండానే మెల్లగా అంది: "గరాజులో రబ్బరు గ్లోవులు తొడుక్కుని దాంతో కుస్తీ పట్టడం చూశాను, వెర్లిన్. గిన్నెలు తోమడానికైతే నువ్వు గ్లోవులు వేసుకోవుగా."

"చూసి ఊరుకున్నావా?"

"నువ్వు అడుగుతావేమోనని."

పెట్టె మూసేసి ఇంటికి పోవచ్చు. తలనొప్పి అనొచ్చు. అప్పుడు ఈ నలుపు నిగనిగ, ఈ బరువు ఎలా కుదిరిందో ఇంకో అరచేతికి ఎన్నటికీ తెలియదు. ఒంటరిగా మెచ్చుకుని మెచ్చుకుని అలిసిపోయాడు. అసలు ఈ మూడు వారాలూ తను దాచింది పిస్తోలునా, చేతుల్నా?

"వెర్లిన్, కాఫీ చల్లారిపోతోందయ్యా," అన్నాడు బర్ల్.

వెర్లిన్ పిస్తోలును తువ్వాలు మీద పెట్టాడు. గొట్టం గట్టు వైపే ఉండేట్టు చూసుకుని, తువ్వాలు అంచు పట్టుకుని ఒలెట్టా ముందుకి జరిపాడు.